పట్టపగలు చుక్కలు

జూన్ 3, బుధవారం

కాగితం మీదే రాస్తున్నాను. కంప్యూటర్లో ఏ మూల దాచినా వెతికి బయటికి లాగగల మనిషి మా ఇంట్లో నేను కాక ఇంకొకరున్నారు. ఈ నోటుపుస్తకం అన్నయ్య కళ్లద్దాల షాపులోది. మొదటి పేజీలో ఎవరివో చూపు నంబర్లున్నాయి. వాటిని వదిలేసి ఇక్కణ్ణించి మొదలుపెడుతున్నాను.

నిన్న మధ్యాహ్నం రెండూ నలభై ఏడుకి మా నాలుగు సర్వర్లూ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఊళ్లో ఎవరు అంబులెన్సుకి ఫోన్ చేసినా ఆ నాలుగింట్లో ఏదో ఒకటి అందుకోవాలి. పదకొండు నిమిషాల పాటు ఒక్క ఫోనూ అందలేదు. అప్పుడు డ్యూటీలో ఉన్నది వదిన. కమాండు కొట్టింది కూడా వదినే. నేను రెండింటికే అప్పగించేసి వచ్చేశాను.

రేపో మాపో విచారణకి ఎవరో వస్తారు. వచ్చేవాడికి మా పని తెలిసి ఉండదు కాబట్టి, ఎలా చెప్పాలో ముందే రాసుకుంటే మంచిది.

నాలుగు సర్వర్లనీ ఒకేచోట చూసుకోవడానికి టీమక్స్ అనే సాధనం వాడతాం. తెర నాలుగు గదులుగా చీలుతుంది, గదికో సర్వరు. ఈ తెర అసలు నడిచేది మా బల్లల మీద కాదు, లోపలి గదిలో ఉన్న ఐదో మిషన్లో. నేను నా కంప్యూటర్ కట్టేసి ఇంటికెళ్లిపోయినా అది అక్కడ నడుస్తూనే ఉంటుంది. వదిన వచ్చి తన బల్ల దగ్గర అదే తెర తెరుచుకుని, నేను ఎక్కడ వదిలానో అక్కణ్ణించి అందుకుంటుంది. ఇద్దరం ఒకేసారి తెరిచినా తెర ఒకటే, ఒకరు కొట్టేది రెండోవారికి కనబడుతూ ఉంటుంది. నాలుగు సర్వర్లకీ ఒకే మాట చెప్పాల్సి వస్తే దానికో మీట ఉంది. మేం దాన్ని కోరస్ అంటాం. కోరస్ పెట్టాక ఒక గదిలో కొట్టిన అక్షరం నాలుగు గదుల్లోనూ పడుతుంది. పని కాగానే తీసేయాలి.

నిన్న కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించాక ఒక్కొక్క సర్వర్నే ఆపి లేపాలి. ఒకటి పడుకుంటే మిగతా మూడూ ఫోన్లు చూసుకుంటాయి. ఒకటోది, మూడోది, నాలుగోది నేను పూర్తిచేశాను. రెండోది బిజీగా ఉంది, వదినకి వదిలాను. వెళ్లేముందు నాలుగింటినీ ఓసారి సరిచూద్దామని కోరస్ పెట్టాను. చూశాను. తీసేశాను. తర్వాత రెండో గదిలో వదినకి నోటు రాశాను: “వదినా, రెండోదొక్కటే మిగిలింది. దాన్నొక్కదాన్నే ఆపి లేపు.” ఎప్పటిలాగే ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు, మిషన్ దాన్ని కమాండు అనుకోకుండా ముందు ఒక గుర్తు.

వదిన రెండోదాన్ని ఆపబోయింది, నాలుగూ ఆగాయి. అంటే కోరస్ ఉంది. అంటే వదిన పెట్టుకుని ఉండాలి.

నేను తీసేశాను.


జూన్ 4, గురువారం

విచారణకి వచ్చిన ఆఫీసరుకి మధ్యాహ్నానికల్లా పేరు పడింది, కామా సారు. నాలుగు మాటలకోసారి ఆగుతాడు. వచ్చీ రాగానే వదిన బల్ల మీది మానిటర్ పీకించి, గుడ్డ చుట్టించి, లక్కతో సీల్ వేయించి బీరువాలో పెట్టించాడు. ఆధారం, భద్రంగా, ఉండాలి, అన్నాడు. బీరువా ముందు ఒక వాచ్‌మన్ని కూర్చోబెట్టారు. ఎద్దు ఈనిందంటే దూడని కట్టేయమన్నట్టుంది వ్యవహారం. మానిటర్లో ఏముంటుంది? అసలు సెషన్, అంటే మేం పంచుకునే ఆ తెర, ఐదో మిషన్లో చెక్కుచెదరకుండా ఉంది. సర్వర్లు ఆగినప్పుడు ఆ గదుల తీగలు తెగిపోయి నాలుగు గదులూ ఐదో మిషన్ మీదికే వచ్చిపడ్డాయి కానీ, అంతకుముందు కొట్టిన ప్రతి అక్షరం పైన అలాగే ఉంటుంది. పైకి జరుపుకుంటే చాలు.

ఈ సంగతి ఎవరూ ఆయనకి చెప్పలేదు. నేనూ చెప్పలేదు. నన్ను అడగలేదు.

ఆపరేటర్లందరికీ కొత్త సెషన్ తెరుచుకోమని, పాతదాన్ని కదపొద్దని చెప్పాను. జాగ్రత్త కోసమే.

విచారణ తేలేదాకా వదినని ఇంటి దగ్గర ఉండమన్నారు. ఐదో మిషన్లో ఆవిడ తాళం, అంటే ఇంటి నుంచి లోపలికి వచ్చే ఏర్పాటు, నేను తీసేయాలి. ఇన్‌చార్జిని నేనే కదా. రేపు తీస్తాను.


జూన్ 5, శుక్రవారం

వాంగ్మూలం ఇచ్చాను. అప్పగించేటప్పుడు, కోరస్, తీసే ఉందా, అని అడిగాడు. తీసేసే వెళ్లాను సార్ అన్నాను. రాసుకున్నాడు. సంతకం పెట్టాను.


జూన్ 6, శనివారం

తీసేశాను. వేలికి గుర్తుంది.


జూన్ 8, సోమవారం

ఉదయం షిఫ్టు నుంచి మూడింటికి ఇంటికొస్తే వదిన ఇంట్లో ఉంటోంది. ఇన్నేళ్లలో ఆ వేళకి ఆవిణ్ణి ఇంట్లో చూసింది లేదు. ఫ్రిజ్ కడిగింది, కిటికీ ఊచలు తుడిచింది, మందుల డబ్బాలో గడువు తీరినవన్నీ ఏరి పారేసింది. మా ఆవిడ ఇంట్లో ఉంటే ఇల్లే ఆఫీసైపోయిందిరా, అన్నాడు అన్నయ్య. ఎవరూ నవ్వలేదు.

నాకు పదహారేళ్లప్పుడు, అమ్మ పోయాక, వీళ్లింటికొచ్చాను. ఈ పని నేర్పింది వదినే. పాఠం చెప్పినట్టు చెప్పలేదు. ఆదివారాలు నన్ను తన వెంట ఆఫీసుకి తీసుకెళ్లి పక్కన కూర్చోబెట్టుకునేది. టీమక్స్ మొదటిసారి చూపించినప్పుడు, వదిలి వెళ్లడం వేరు, ఆపేయడం వేరు అని చెప్పింది. గొళ్లెం పెట్టి వెళ్లు, పొయ్యి ఆర్పకు, అంది. గొళ్లెం పెట్టేముందు మాత్రం ఏ పొయ్యి మీద ఏముందో తర్వాత వచ్చేవాళ్లకి చెప్పి వెళ్లమంది. ఆఫీసంతా ఆవిణ్ణి టీచరమ్మ అంటారు. ఇరవయ్యొక్క ఏళ్ల సర్వీసు.

మూడు నెలల కిందట ఇన్‌చార్జి పదవికి ఇద్దరం ఇంటర్వ్యూకి వెళ్లాం. ఆవిడకి మాట్లాడే చొరవ తక్కువన్నారు, నాకిచ్చారు. ఆ రోజు స్వీట్లు తెచ్చింది కూడా ఆవిడే. అప్పట్నించీ నన్ను “ఇన్‌చార్జి గారూ” అని ఆటపట్టిస్తుంది. ఇన్‌చార్జి గారూ, చెత్త బయట పెట్టండి. ఇన్‌చార్జి గారూ, తడి తువ్వాలు మంచం మీద వేయకండి.

రెండో తేదీ నుంచి అనలేదు. ఆవిడ బాధలో ఆవిడుంది, పాపం.


జూన్ 10, బుధవారం

ఆఫీసుకి ఒకాయన వచ్చాడు. గోడలకి రంగులేసే మనిషి, గోళ్ల చుట్టూ నీలం రంగు ఇంకా పోలేదు. రెండో తేదీ మధ్యాహ్నం ఆయన భార్యకి నొప్పులొస్తే ఏడుసార్లు ఫోన్ చేశాడట. చివరికి పక్కింటివాళ్ల కారులో బయల్దేరారు, కారు ట్రాఫిక్‌లో ఉండగానే కాన్పు అయిపోయింది. తల్లీ బిడ్డా క్షేమంగా ఉన్నారు. పాప.

ఆయన తిట్టడానికి రాలేదు. అది నాకు ఇంకా కష్టమైంది. ఆ పదకొండు నిమిషాలూ ఇక్కడ ఏం జరిగిందో తెలుసుకుందామని వచ్చానన్నాడు. సాంకేతిక లోపం అని చెప్పాను.

“అంటే ఎవరి లోపమండీ?” అన్నాడు.

మిషన్ లోపం అన్నాను. ఆయన ఫోన్ తీసి ఆ ఏడు కాల్స్ నాకు చూపించాడు. రెండూ యాభై, రెండూ యాభై ఒకటి, యాభై ఒకటే మళ్లీ. అన్నీ చదివాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నేను రెండింటికే వెళ్లిపోయానండీ అని కూడా అన్నాను. ఆయన అడగనేలేదు ఆ మాట.


జూన్ 11, గురువారం

పాపకి ఏమీ కాలేదు కదా.


జూన్ 12, శుక్రవారం

ఆఫీసు నుంచి వచ్చి టీ తాగుతున్నాను. వదిన ఎదురుగా కూర్చుని ఆరిన బట్టలు మడతపెడుతోంది. మామూలుగా మాట్లాడుతున్నట్టే మొదలుపెట్టింది.

“ఆ రోజు నువ్వు రాసిపెట్టిన నోటు నాలుగు గదుల్లోనూ ఉంది. రాగానే చూసి నవ్వుకున్నా. మా మరిదికి ఎంత జాగ్రత్తో, మర్చిపోతానని నాలుగు చోట్లా రాశాడు అనుకున్నా.”

తర్వాత మడత ఆపి నా వైపు చూసింది. ఆవిడ చేతిలో ఉన్నది నా చొక్కానే.

“అవునా?” అన్నాను.

“అవును,” అంది. చొక్కా మడిచి దొంతర మీద పెట్టి ఇంకోటి అందుకుంది.


జూన్ 13, శనివారం

నోటు నాలుగుసార్లు కొట్టి ఉండొచ్చు నేను. తొందరలో ఉన్నాను, ఒక్కో గదిలోకీ వెళ్లి ఒక్కోసారి కొట్టి ఉంటాను. ముఖ్యమైన విషయమైతే అలా చేస్తాను. గతంలో కూడా ఎప్పుడో చేసే ఉంటాను.

వదినకి విషయం అర్థమైనట్టు లేదు. అర్థమైతే సూటిగా అడిగేసేది. కోరస్ అంటే ఏమిటో నాకు నేర్పిన మనిషికి ఇది తట్టకపోవడం ఆశ్చర్యమే. ఆందోళనలో ఉన్నప్పుడు ఎవరికైనా బుర్ర పనిచేయదు.

సెషన్ తెరిచి పైకి జరిపితే ఒక్క నిమిషంలో తేలిపోతుంది. విచారణ జరుగుతుండగా దాన్ని ముట్టుకోవడం పద్ధతి కాదు.


జూన్ 15, సోమవారం

విచారణ. పొడుగాటి బల్ల, ఒక కొసన కామా సారు, పక్కన టైపు చేసే ఆవిడ. నన్నూ వదిననీ ఎదురెదురుగా కూర్చోబెట్టారు. కోరస్ సంగతి ఆయన మళ్లీ అడిగాడు, ఈసారి ఆవిడ ముందు. తీసేసే వెళ్లానని చెప్పాను. గొంతు బాగానే వచ్చింది. వదిన బల్ల అంచు చూస్తూ కూర్చుంది.

తర్వాత ఆవిణ్ణి అడిగాడు. కోరస్ తాను పెట్టలేదని చెప్పింది. మరి ఎవరు పెట్టారంటే మళ్లీ బల్ల అంచు చూసింది. మీరు, చెప్పుకునేది, ఏమైనా ఉందా, అన్నాడు.

“కమాండు కొట్టేటప్పుడు రెండో గది తప్ప మిగతావి చూడలేదండి. కీబోర్డు చూస్తూ కొట్టే అలవాటు నాది. కొట్టేముందు చూసుకోవాల్సింది నేనే,” అంది.

అంతే. నాకు ప్రాణం కుదుటపడింది. ఆ మాట రాస్తుంటే సిగ్గేస్తోంది కానీ నిజంగానే కుదుటపడింది.

రిపోర్టు ఇరవయ్యో తేదీకి ఇస్తాడట. ఉద్యోగం నుంచి తీసేయమని సిఫార్సు చేస్తాడని టైపు ఆవిడే మెట్ల దగ్గర చెప్పింది. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఇంటికొచ్చాక అన్నయ్య, పోనీలే, షాపులో కూర్చుంటుంది, నాకూ తోడుంటుంది, అన్నాడు. మంచికే అన్నాడు. వదిన లేచి లోపలికెళ్లిపోయింది.


జూన్ 16, మంగళవారం

వదిన తాళం ఇంకా తీయలేదు. రేపు.


జూన్ 17, బుధవారం

ప్రతి నెలా మూడో గురువారం పొద్దున పదకొండింటికి ఐదో మిషన్ రీబూట్ చేయాలి, అంటే పూర్తిగా ఆపి మళ్లీ లేపాలి. గోడ మీద కాగితం అంటించి ఉంటుంది. ఈ రూలు నేను పెట్టింది కాదు, నేను చేరకముందు నుంచీ ఉంది. రేపు మూడో గురువారం.

రీబూట్ చేస్తే అందులో నడుస్తున్న సెషన్లన్నీ పోతాయి. పాతదీ పోతుంది. ఎవరూ చెరిపినట్టు కాదు. చెరపడం వేరు, రోజువారీ పని వేరు. చేయకపోతేనే ఎందుకు చేయలేదని అడుగుతారు.

వాయిదా వేసే అధికారం ఇన్‌చార్జికి ఉంది. ఇప్పటిదాకా ఎవరూ వేయలేదు.


జూన్ 18, గురువారం

మధ్యాహ్నం ఒంటిగంట. క్యాంటీన్లో కూర్చుని రాస్తున్నాను.

రీబూట్‌కి ముందు పాత సెషన్లో ఉన్నదంతా ఒక ఫైల్లోకి దించి దాచాలనే ఉద్దేశంతో దాన్ని తెరిచాను. ఆధారం కాపాడాల్సిన బాధ్యత నాది కాబట్టి. నాలుగు గదులూ ఖాళీగా ఉన్నాయి, పైకి జరిపితే తప్ప పాతవి కనబడవు. కొంచెంసేపు చూస్తూ కూర్చున్నాను. రెండో గదిలో ఏదో కొట్టాను.

కొట్టిన అక్షరాలు నాలుగు గదుల్లోనూ పడ్డాయి.

కోరస్ ఉంది. రెండో తేదీ నుంచి ఈ సెషన్ని ఎవరూ ముట్టుకోలేదు, ముట్టుకోవద్దని చెప్పింది నేనే. వదిన పెట్టలేదంది. వదిన అబద్ధం చెప్పదు. ఇది నాకు మొదటి రోజు నుంచీ తెలుసు. వదిన అబద్ధం చెప్పదని.

ఆ నాలుగు చోట్లా చూపు తిప్పుతుండగా తెర ఒక్కసారి ముడుచుకుంది. నాలుగు గదులూ చిన్నవై ఎడమ వైపుకి జరిగాయి, కుడి వైపూ కిందా చుక్కలు, వరసలు వరసలుగా చుక్కలు. దీని అర్థం మా పని చేసేవాళ్లెవరికైనా తెలుసు. చిన్న తెర ఉన్నవాళ్లెవరో ఇదే సెషన్ తెరిచారు. అప్పుడు టీమక్స్ అందరికీ ఆ చిన్న తెరకి సరిపోయేంతే చూపిస్తుంది, మిగిలిన చోటుని చుక్కలతో నింపేస్తుంది. మా అందరికీ పెద్ద మానిటర్లే. చిన్న లాప్‌టాప్ ఉన్నది ఒక్కరికే. ఆవిడ తాళం నేను తీయలేదు.

పట్టపగలే చుక్కలు కనబడ్డాయంటారు కదా. పదకొండూ ఐదుకి, ట్యూబులైట్ల కింద, నాకు కనబడ్డాయి.

ఎంతసేపు కదలకుండా ఉన్నానో తెలియదు. తర్వాత కొట్టినవి చెరిపేశాను. “వదినా?” అని కొట్టాను. నాలుగు గదుల్లోనూ పడింది.

కింద వరసలో, నా చేతులు ఒళ్లో ఉండగానే, అక్షరాలు ఒక్కొక్కటే పడసాగాయి. “నేనే. పైకి జరిపి చూడు.”

జరిపాను. నా నోటు ఒకటో గదిలో ఉంది, రెండో గదిలో ఉంది, మూడో గదిలో, నాలుగో గదిలో ఉంది. నాలుగింట్లోనూ “మిగిలింది”లో ఒక అక్షరం ఒకేలా తప్పు పడి ఉంది. విడివిడిగా నాలుగుసార్లు కొడితే ఒకే తప్పు నాలుగుసార్లు రాదు.

చుక్కలు పోయాయి. తెర మళ్లీ నిండుగా పరుచుకుంది. ఆవిడ వెళ్లిపోయింది.

నాలుగు గదుల్లోదీ ఫైల్లోకి దించాను. రీబూట్ వాయిదా వేశాను. కాగితం మీద కారణం రాయాల్సిన చోట “విచారణ” అని రాశాను.


జూన్ 19, శుక్రవారం

పొద్దున్నే కామా సారు గదికి వెళ్లి, నాలుగు గదుల ప్రింట్లూ బల్ల మీద పెట్టి, కోరస్ పెట్టి వదిలేసింది నేనే అని చెప్పాను. రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. నోటు నాలుగు చోట్లా ఎందుకుందో, దాని అర్థమేమిటో, ఎక్కడ చూస్తే తెలుస్తుందో చూపించాను. ఆయన చాలాసేపు ఆ కాగితాలు పక్కపక్కన పెట్టుకుని చూశాడు. మరి, మానిటర్లో, ఏముంది, అన్నాడు. ఏమీ లేదు సార్ అన్నాను. పదిహేను రోజులు, దానికి, కాపలా పెట్టించాను, అన్నాడు. తనలో తనే అనుకున్నట్టు అన్నాడు.

తర్వాత కళ్లజోడు తీసి, ఎక్కడా ఆగకుండా, “ముందే ఎందుకు చెప్పలేదయ్యా?” అన్నాడు.

భయమేసింది సార్ అన్నాను. రాసుకున్నాడు.


జూన్ 22, సోమవారం

నన్ను ఇన్‌చార్జి నుంచి తప్పించారు. తప్పుడు వాంగ్మూలం ఇచ్చినందుకు విడిగా మెమో. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో పైవాళ్లు తేలుస్తారు, అందాకా మామూలు ఆపరేటరుగా ఉదయం షిఫ్టు చేయాలి. వదిన ఎల్లుండి నుంచి డ్యూటీకి రావచ్చని కాగితం వచ్చింది. చూసుకోకుండా కొట్టినందుకు ఒక హెచ్చరిక ఆవిడకీ ఉంది. అది న్యాయమే అందట అన్నయ్యతో.

రంగులేసే ఆయనకి ఫోన్ చేశాను. మిషన్ లోపం కాదండీ, నా లోపం, అని చెప్పాను. అటువైపు పాప ఏడుపు వినబడుతోంది. సరే, చెప్పారు కదా, అని పెట్టేశాడు. క్షమించాడో లేదో అర్థం కాలేదు. అడిగే ధైర్యం లేదు.

అన్నయ్య శుక్రవారం నుంచి నాతో ఒకే ఒక్క మాట అన్నాడు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగిందిరా నా ఇంట్లో, అన్నాడు. వదిన ఆ మాత్రం కూడా అనలేదు. భోజనం పెడుతుంది, నీళ్లు పెడుతుంది, నా బట్టలు మాత్రం మడతపెట్టడం లేదు. తీగ మీద నుంచి నేనే తెచ్చుకుంటున్నాను.


జూన్ 23, మంగళవారం

గురువారం రాసింది ఇప్పుడు మళ్లీ చదివాను. అందులో అబద్ధం ఉంది. ఎవరూ చదవని పుస్తకంలో అబద్ధం ఎవరికోసం రాశానో నాకే తెలియదు.

ఫైల్లోకి దించడానికి తెరవలేదు నేను. రీబూట్ చేయడానికే తెరిచాను. అది కంప్యూటర్లో వేరే కిటికీలోంచి కూడా చేయొచ్చు, కానీ ఆ సెషన్లో కూర్చునే దాన్ని చంపాలనిపించింది, ఎందుకో. “ఏదో కొట్టాను” అని రాశానే, అది ఏదో కాదు. రీబూట్‌లో మొదటి నాలుగక్షరాలు.

ఇవాళ నాకు సెలవు. వదినకి రేపు డ్యూటీ. మధ్యాహ్నం భోజనాలయ్యాక అన్నయ్య షాపుకెళ్లాడు. వదిన భోజనాల బల్ల దగ్గర తన చిన్న లాప్‌టాప్ తుడుచుకుంటూ కూర్చుంది. నేను కంచం కడిగి పెట్టి వెళ్లిపోబోతుంటే కూర్చో అంది. కూర్చున్నాను. లాప్‌టాప్ మూత వేసి చేతులు దాని మీద పెట్టుకుంది.

నోటు నాలుగు చోట్లా ఉండటం మొదటి రోజే ఎందుకు ఆఫీసర్‌కి చూపించలేదని అడిగాను. అదే ముందు వచ్చింది నోటికి.

“చూపిస్తే నా ఉద్యోగం నాకొచ్చేది. నువ్వు మాత్రం తీసేశాననే అనుకుంటూ బతికేవాడివి,” అంది. “పన్నెండో తేదీ నీకు చెప్పి చూశాను. అవునా అన్నావు. పదిహేనున ఆయన ముందు ఇంకోసారి చూశాను. పద్దెనిమిదిన రీబూట్ అని నాకూ తెలుసు కదా. అదీ చూద్దామనుకున్నాను.”

నేను తడి చేతులు చొక్కాకి తుడుచుకున్నాను.

“లోపలికొచ్చేసరికి నాలుగు గదుల్లోనూ సగం మాట ఉంది. మిగతా రెండక్షరాలు పడతాయా పడవా అని ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నా. నువ్వు చెరిపావు. మర్నాడు వెళ్లి ఒప్పుకున్నావు. అందరూ మంచిపని చేశాడంటున్నారు. నాకొక్కటి చెప్పు. నేను రాకపోయుంటే?”

దీనికి జవాబు నా దగ్గర నాలుగు రోజులుగా తయారుగా ఉంది. ఎలాగూ ఆపేవాణ్ణే వదినా, అప్పటికే మనసు మారింది, కోరస్ చూడగానే మారింది. ఎన్నిసార్లు అనుకున్నానో, చాలావరకు నమ్మేశాను కూడా. నోరు తెరిచాను.

“పూర్తిగా కొట్టేవాణ్ణి,” అన్నాను.

ఆ మాట అన్నాక ఇంత అలసట వస్తుందని అనుకోలేదు నేను. ఆవిడ ముఖంలో కోపం రాలేదు, జాలీ రాలేదు. లాప్‌టాప్ మూత మీద వేలితో గీతలు గీస్తూ కూర్చుంది.

“నీ మీద కోపం పోలేదు నాకు. పోతుందో లేదో తెలీదు,” అంది చివరికి. “కానీ ఇప్పుడు చెప్పింది నమ్ముతున్నా. ఇన్ని రోజుల్లో నువ్వు చెప్పినవాటిలో ఇదొక్కటే నమ్ముతున్నా. రేపు రెండింటికి నువ్వు అప్పగించేది తీసుకుంటాను.”

నాకు ఏడుపొచ్చింది. ముప్ఫై రెండేళ్లవాణ్ణి, భోజనాల బల్ల దగ్గర, మధ్యాహ్నం రెండు గంటలకి. ఎదురుగా కూర్చుని ఆవిడ చూస్తూనే ఉంది. చూస్తోందని తెలిసి కూడా నేను ఆపుకోలేదు.